ఫోనుకు లేని పొలిమేర అంబులెన్సుకు ఎందుకు?

తిరుపతిలో అలిపిరి రోడ్డు పక్కన టీ బంకు దగ్గర ఒక గంట నిలబడి చూడండి. కొండకు పోయే బస్సులు, జీపుల మధ్య సైరన్ మోత ఆగదు. రుయా, స్విమ్స్ రెండూ ఈ దారిలోనే ఉన్నాయి. చిత్తూరు, పీలేరు, రాజంపేట, వెంకటగిరి, శ్రీకాళహస్తి, ఎక్కడివాళ్ళకైనా పెద్ద ఆపద వస్తే చివరికి చేరేది ఇక్కడికే. సంఘం పని మీద తిరుపతికి వచ్చినప్పుడల్లా ఆ ఆసుపత్రుల ముందు మాకు తెలిసిన ముఖం ఒకటైనా కనబడుతుంది. ఏమైందప్పా అని అడిగితే ఒకరు పాము అంటారు, ఒకరు కరెంటు అంటారు, ఒకరు ట్రాక్టరు తిరగబడింది అంటారు. ఆ తరువాత చెప్పే మాట మాత్రం చాలామందిది ఒకటే. "ఇంకొంచెం ముందు తెచ్చింటే బాగుండేదని డాక్టరు చెప్పినాడన్నా."

ఆ "ఇంకొంచెం ముందు" గురించే ఈ నెల రాస్తున్నాం. మద్దతు ధర, అప్పు, పంటల బీమా గురించి మనం ప్రతి సంచికలో రాసుకుంటూనే ఉన్నాం. కానీ ఆపద వేళ మనం చేసే ఫోను ఎవరు ఎత్తుతున్నారు, ఎక్కడ కూర్చొని ఎత్తుతున్నారు, ఏ బండిని పంపుతున్నారు అన్నది కూడా రైతు సమస్యే. ఊరికి దూరంగా, చీకట్లో, ఒంటరిగా పని చేసేది మనమే కదా.

నిరుడు వానాకాలంలో జరిగిన సంగతి చెబుతాం. మా సంఘం సభ్యుడొకరు సరిహద్దు పల్లెలో కౌలుకు చెరకు పెట్టాడు. మాపటేళ తోటకు నీళ్ళు మళ్ళిస్తుండగా కాలి మడమ మీద రక్తపింజరి కాటు వేసింది. పక్క కయ్యలో ఉన్న మావాళ్ళు వెంటనే అత్యవసర నంబరుకు ఫోన్ చేశారు. అవతల ఎత్తిన అమ్మాయి పక్క రాష్ట్రం భాషలో మాట్లాడింది. సరిహద్దు పల్లెల్లో ఆ భాష అందరికీ అంతో ఇంతో వచ్చు, కాబట్టి మాట అడ్డం రాలేదు. ఊరి పేరు చెబితే ఆమె ముందున్న కంప్యూటరులో ఆ ఊరు లేదు. "మీ రాష్ట్రం నంబరుకు చేయండి" అంది పాపం. నంబరు అదే! రెండు వైపులా నంబరు ఒకటే. గట్టు మీద నిలబడిన ఫోను అవతలి టవరును పట్టింది, అంతే.

మావాడొకడు ఊరి వైపు అర కిలోమీటరు పరుగెత్తి మళ్ళీ చేశాడు. ఈసారి తెలుగు వినబడింది. ఏ మండలం, ఏ పంచాయతీ, ఎగువ పల్లెనా దిగువ పల్లెనా అని అడిగారు. అదే పేరుతో ఇంకో రెండు ఊళ్ళు తెర మీద కనబడుతున్నాయట. చివరికి బండి బయలుదేరింది. అది రావలసింది ముప్పై కిలోమీటర్ల అవతలి నుంచి. అదే సమయానికి సరిహద్దు అవతల, ఎనిమిది కిలోమీటర్ల దూరంలోని చిన్న టౌనులో ఒక అంబులెన్సు ఖాళీగా ఉందని మాకు తరువాత తెలిసింది. అంతసేపు ఆగలేక టమాటా మోసే టెంపోలో పడుకోబెట్టి తీసుకుపోయారు. ప్రాణం దక్కింది. కానీ మూత్రపిండాలు దెబ్బతిని నెల రోజులకు పైగా డయాలసిస్ మీద ఉన్నాడు. రెండు పాడి ఆవులు అమ్ముకున్నాడు. కౌలు వదులుకున్నాడు. ఈ ఏడు ఆ కయ్యలో వేరేవాళ్ళు సేద్యం చేస్తున్నారు.

ఇందులో ఫోను ఎత్తిన ఇద్దరినీ మేము తప్పు పట్టడం లేదు. బండి తోలిన మనిషినీ తప్పు పట్టడం లేదు. వాళ్ళకు ఇచ్చిన పని వాళ్ళు చేశారు. తప్పు ఆ పని మధ్యలో గీసిన గీతలో ఉంది.

ఈ సంగతి మా సమావేశంలో చర్చకు వచ్చినప్పుడు కొందరు సభ్యులు ఒక మాటన్నారు. "ఎక్కడో దూరంగా కూర్చున్నవాళ్ళకు మన ఊళ్ళేం తెలుస్తాయి? చిత్తూరుకొకటి, తిరుపతికొకటి, కుప్పానికొకటి కాల్ సెంటర్ పెట్టమని అడుగుదాం" అని. వినడానికి బాగానే ఉంది. కానీ మేము ఆలోచించి దానికి ఒప్పుకోలేదు. ఎందుకో చెబుతాం.

108 మన రాష్ట్రంలోనే పుట్టింది. 2005 ఆగస్టు 15న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలయింది. 23 జిల్లాలకు కలిపి హైదరాబాదు శివార్లలో ఒకే కాల్ సెంటర్. కుప్పంలో ఎద్దు పొడిస్తే ఆరు వందల కిలోమీటర్ల అవతల ఉన్న హైదరాబాదుకు చెప్పుకోవాలా అని ఆ రోజుల్లో మనవాళ్ళే నవ్వారు. రెండేళ్ళు తిరిగేసరికి ఆ నవ్వు ఆగిపోయింది. కాన్పు నొప్పులొచ్చినా, రోడ్డు మీద యాక్సిడెంట్ అయినా జనం నోటికి మొదట వచ్చేది ఆ మూడు అంకెలే అయింది. ఫోను ఎత్తేది ఎంత దూరంలో అన్నది అసలు అడ్డంకి కాదని అప్పుడే తేలిపోయింది. గాలిలో పోయే మాటకు ఆరు కిలోమీటర్లయినా, ఆరు వందలయినా ఒకటే. ఎత్తినవాళ్ళకు మన మాట అర్థం కావాలి, మన చోటు తెలియాలి, మనకు దగ్గరున్న బండి వాళ్ళ చేతిలో ఉండాలి. ఈ మూడూ ఉంటే చాలు.

పదిమంది కలిసి ఒకే కేంద్రం పెట్టుకోవడం వల్ల లాభం కూడా ఉంది. పది చోట్ల చిన్నచిన్న సెంటర్లు పెడితే ఒక్కోదానిలో రాత్రిపూట ఇద్దరు ఉంటారు. ఒకేసారి మూడు ఫోన్లొస్తే ఒకటి మోగుతూనే ఉంటుంది. ఒకే పెద్ద కేంద్రంలో యాభై మంది ఉంటే ఒక జిల్లాలో గండం వచ్చినా మిగతావాళ్ళు అందుకుంటారు. 2021 నవంబరు వరదలను తలుచుకోండి. స్వర్ణముఖి పొంగి తిరుపతి వీధులు మునిగాయి. రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని రామచంద్రాపురం మండలంలో ఊళ్ళకు ఊళ్ళను ఖాళీ చేయించారు. అలాంటి రాత్రి తిరుపతిలో మాత్రమే ఒక చిన్న సెంటర్ ఉండి, దానిలోకే నీళ్ళొస్తే మన ఫోను ఎత్తేదెవరు?

వేరే దేశాలదీ ఇదే అనుభవం. లండన్‌లో 1937లో 999 పెట్టారు. అమెరికాలో మొదటి 911 కాల్ 1968 ఫిబ్రవరిలో అలబామా రాష్ట్రంలోని హేలీవిల్ అనే చిన్న ఊరిలో మోగింది. తరువాత తరువాత అక్కడి పక్కపక్క ఊళ్ళు ఎవరి సెంటరు వాళ్ళు నడపలేక, డబ్బులు కలిపి ఉమ్మడి కేంద్రాలు పెట్టుకున్నాయి. మన దేశంలో 2012 డిసెంబరులో ఢిల్లీలో నిర్భయ ఘోరం తరువాత పోలీసు, ఫైర్, అంబులెన్సు అన్నిటికీ ఒకే నంబరు ఉండాలన్న మాట బలపడింది. అట్లా వచ్చిందే 112.

కాబట్టి ఉమ్మడి కేంద్రం వద్దని మేము అనడం లేదు. ఇంకా ఎక్కువ ఉమ్మడి కావాలంటున్నాం. ఇప్పుడు ఫోను మాత్రమే ఉమ్మడి అయింది, బండి కాలేదు.

మన ప్రాంతం సంగతి చూడండి. 2022 ఏప్రిల్ 4న పాత చిత్తూరు జిల్లాను విడగొట్టారు. కొంత చిత్తూరు, కొంత తిరుపతి, కొంత అన్నమయ్య జిల్లాలోకి పోయింది. నగరి చిత్తూరు జిల్లా, దాన్ని ఆనుకొని ఉన్న పుత్తూరు తిరుపతి జిల్లా. నగరివాళ్ళకు ఆపద వస్తే చిత్తూరు కంటే తిరుపతి దగ్గర, అంతకంటే తిరుత్తణి దగ్గర. గుడిపాలవాళ్ళకు వేలూరు దగ్గర, తిరుపతి అంతకు రెండింతల పైనే. కుప్పం వాళ్ళకు జిల్లా కేంద్రం వంద కిలోమీటర్ల పైమాట, కోలారు జిల్లా పొలిమేర మాత్రం పక్కనే. మనం ఎప్పుడూ ఏ ఊరు దగ్గరైతే ఆ ఊరికే పోయాం. వేలూరు సీఎంసీలో వైద్యం చేయించుకోని కుటుంబం చిత్తూరు చుట్టుపక్కల తక్కువ. కూరగాయలు అటు పోతాయి, పాలు అటు పోతాయి, పిల్లనిచ్చి పుచ్చుకునేదీ అటే. అంబులెన్సు ఒక్కటే గీత దగ్గర ఆగిపోతుంది.

ఇంకో విషయం. తమిళనాడులోనూ, కర్ణాటకలోనూ 108 వచ్చింది 2008లో. కొన్నేళ్ళపాటు మూడు రాష్ట్రాల్లోనూ ఆ బండ్లను నడిపింది ఒకే సంస్థ. బండి రంగు ఒకటే, నంబరు ఒకటే, నడిపేవాళ్ళు ఒకరే. అప్పుడు కూడా గీత చెరగలేదు. అంటే అడ్డం సాంకేతికమైనది కాదు. మూడు ప్రభుత్వాలు ఒక బల్ల ముందు కూర్చోలేదు, అదీ అసలు అడ్డం.

కూర్చోవడం వాళ్ళకు రాదా అంటే, అవసరమైతే బాగానే వస్తుంది. గీత గీయడమూ వస్తుంది, చెరపడమూ వస్తుంది. 2020 ఏప్రిల్‌లో కరోనా లాక్‌డౌన్ అప్పుడు వేలూరు జిల్లా అధికారులు చిత్తూరు వైపు వచ్చే రోడ్లకు అడ్డంగా ఏకంగా సిమెంటు ఇటుకలతో గోడ కట్టించారు. పలమనేరు–గుడియాత్తం రోడ్డు మీద ఆ గోడ ఫోటోలు చూడనివాళ్ళు లేరు. విమర్శలు రాగానే పడగొట్టారు. 2021 మేలో ఆంధ్ర నుంచి పోయే అంబులెన్సులను తెలంగాణ పోలీసులు కర్నూలు దాటాక పుల్లూరు దగ్గర ఆపేస్తే, తెలంగాణ హైకోర్టు కల్పించుకొని ఆపడానికి వీల్లేదని చెప్పవలసి వచ్చింది. ప్రాణం మీదికి వచ్చిన మనిషికి రాష్ట్ర సరిహద్దు అడ్డం కాకూడదని ఒక హైకోర్టే తేల్చిన తరువాత ఇంకా సందేహమెందుకు?

నిరుటి మాటే తీసుకుందాం. 2025 జూన్‌లో తోతాపురి ధర పడిపోయినప్పుడు పక్క రాష్ట్రాల కాయ మన ఫ్యాక్టరీలకు రాకుండా చిత్తూరు జిల్లాలో ఉత్తర్వు ఇచ్చారు. చెక్‌పోస్టులలో లారీలు ఆపారు. కర్ణాటక ముఖ్యమంత్రి మన ముఖ్యమంత్రికి ఉత్తరం రాశారు. ఆ ఉత్తర్వు మంచిచెడ్డలు వేరే చర్చ. కానీ మామిడి కాయ కోసం ఇద్దరు ముఖ్యమంత్రుల స్థాయిలో మాట నడిచింది. దానికి నెల ముందే, మే నెలలో, బెంగుళూరు విధానసౌధ దగ్గర కర్ణాటక మనకు నాలుగు కుంకీ ఏనుగులను అప్పగించింది. కౌండిన్య అడవి నుంచి పొలాల మీద పడే ఏనుగులను తరమడానికి అవి పనికొస్తాయి. మంచి పని, మేము స్వాగతించాం. ఏనుగుకు రాష్ట్రం ఉండదని ప్రభుత్వాలకు అర్థమైంది. ఏనుగు తొక్కిన మనిషికి మాత్రం రాష్ట్రం ఉందా?

ఆరోగ్యశ్రీని 2019 నవంబరు నుంచి హైదరాబాదు, చెన్నై, బెంగుళూరు ఆసుపత్రులలో కూడా కొన్ని వందల రకాల చికిత్సలకు వర్తింపజేశారు. అంటే కార్డు సరిహద్దు దాటింది. మనిషిని చేర్చే బండి ఎందుకు దాటకూడదు? ఐరోపాలో నెదర్లాండ్స్, బెల్జియం, జర్మనీ మూడు దేశాలు కలిసే మ్యూజ్–రైన్ ప్రాంతం ఉంది. మూడు దేశాలు, మూడు భాషలు. అక్కడ దగ్గరున్న అంబులెన్సు పొరుగు దేశంలోకి పోయి మనిషిని ఎత్తుకొస్తుంది. ఖర్చు లెక్కలు తరువాత తేల్చుకుంటారు. దేశాలు చేసిన పని రాష్ట్రాలు చేయలేవా?

రెండో సమస్య చోటు చెప్పడం. టౌనులో అయితే వీధి పేరు, డోర్ నంబరు చెబుతారు. మనం చెప్పేది ఏమిటి? "చింతమాను కయ్య", "పెద్ద బాయి కాడ", "మునెయ్య బండ కింద". కొత్తపల్లె లేని మండలం లేదు. ఫోను ఎత్తినవాళ్ళు ఎంత ఓపిక గలవాళ్ళయినా అయిదు నిమిషాలు అక్కడే పోతాయి. దీనికి మా సంఘంలో ఒక ముసలి రైతు చెప్పిన ఉపాయం మాకు బాగా నచ్చింది. ప్రతి బోరుకూ ఒక ట్రాన్స్‌ఫార్మర్ ఉంది. దాని మీద పెయింటుతో నంబరు రాసి ఉంటుంది. ఏ పొలం ఏ ట్రాన్స్‌ఫార్మర్ కిందిదో రైతుకు నిద్రలో లేపి అడిగినా తెలుసు, ఎందుకంటే కాలిపోయినప్పుడల్లా మోసేది మనమే. మన దక్షిణ ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థ ప్రధాన కార్యాలయం తిరుపతిలోనే ఉంది. ఆ నంబర్ల పట్టిక, అవి ఉన్న చోట్లతో సహా, అత్యవసర కేంద్రానికి ఇస్తే రైతు నంబరు చెప్పగానే చోటు తెర మీద పడుతుంది. కొత్తగా కోట్లు పెట్టనవసరం లేదు.

మూడో సమస్య నంబర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకోకపోవడం. తెగిపడిన తీగ తగిలి ఒక మనిషి కయ్యలో పడి ఉన్నాడనుకోండి. కరెంటు తీసేదాకా ఎవరూ దగ్గరికి పోకూడదు, అంబులెన్సు వచ్చినా పోకూడదు. అంటే ముందు 1912, తరువాత 108. చేతులు వణికే ఆ సమయంలో భార్యో, కొడుకో రెండు చోట్లకు విడివిడిగా ఫోన్ చేసి రెండుసార్లు ఊరి పేరు చెప్పాలి. ఒక్కసారి చెబితే కేంద్రమే రెండో చోటికి చెప్పే ఏర్పాటు ఉండాలి. పశువులకు 2022 మే నుంచి 1962 అంబులెన్సులు వచ్చాయి. తొలి విడతలో నియోజకవర్గానికి ఒకటి లెక్కన 175 ఇచ్చారు. పాడి మీద బతికే మన ప్రాంతంలో ఈనలేక కొట్టుకునే ఆవు కూడా ఒక కుటుంబం జీవనాధారమే. ఏ నంబరుకు చేసినా సరైన చోటికి పోవాలి గానీ, "ఇది మాది కాదు" అని పెట్టేయకూడదు.

పాము కాటు గురించి ఒక్క మాట. 2000 నుంచి 2019 వరకు మన దేశంలో పాము కాటుతో 12 లక్షల మంది చనిపోయారని పరిశోధకులు లెక్క కట్టారు. ఏడాదికి సుమారు 58 వేలు. ఎక్కువమంది పల్లెల్లోవాళ్ళే, ఎక్కువగా వానాకాలంలోనే. 2030 నాటికి ఈ చావులను సగానికి తగ్గిస్తామని కేంద్ర ప్రభుత్వం 2024 మార్చిలో కార్యాచరణ ప్రణాళిక విడుదల చేసింది. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి నాలుగింటికీ పనిచేసే మందు ఒకటే. ఆ మందు ఏ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉందో, ఎక్కడ అయిపోయిందో బండి పంపేవాళ్ళకు ముందే తెలిసి ఉండాలి. లేని చోటికి తీసుకుపోయి, అక్కడి నుంచి ఇంకో చోటికి పంపేసరికి "ఇంకొంచెం ముందు" అన్న మాట మళ్ళీ వస్తుంది.

2020 జూలై 1న విజయవాడలో 1,088 కొత్త 108, 104 బండ్లను ప్రారంభించినప్పుడు టౌన్లలో 15 నిమిషాలు, పల్లెల్లో 20 నిమిషాలలో అంబులెన్సు చేరుతుందని ప్రభుత్వమే చెప్పింది. ఆ మాటనే ఇప్పుడు పట్టుకుంటున్నాం. తిరుపతి, చిత్తూరు, అన్నమయ్య జిల్లాల కలెక్టర్లకు, ఆరోగ్య శాఖకు మా డిమాండ్లు ఇవి:

1. సరిహద్దు మండలాల నుంచి వచ్చే కాల్ ఏ రాష్ట్రం కేంద్రానికి పోయినా, తెంచకుండా అక్కడి నుంచే సరైన కేంద్రానికి కలపాలి. మూడు రాష్ట్రాల కేంద్రాల కంప్యూటర్లలో సరిహద్దు ఊళ్ళ పేర్లన్నీ ఉండాలి.

2. జిల్లా, రాష్ట్రం చూడకుండా దగ్గరున్న బండే రావాలి, దగ్గరున్న సరైన ఆసుపత్రికే చేర్చాలి. దీని మీద ఆంధ్రప్రదేశ్, తమిళనాడు, కర్ణాటక రాతపూర్వకంగా ఒప్పందం చేసుకోవాలి.

3. ట్రాన్స్‌ఫార్మర్ నంబరును పొలం గుర్తుగా అత్యవసర కేంద్రాలు తీసుకోవాలి.

4. 108, 112, 1912, 1962 ఒకదానికొకటి కాల్ అందించుకోవాలి.

5. పాము కాటు మందు ఎక్కడెక్కడ ఉందో రోజువారీ వివరం కేంద్రానికి అందాలి.

6. ఏ మండలంలో బండి ఎన్ని నిమిషాలకు చేరుతోందో నెలనెలా ప్రకటించాలి. జిల్లా సగటు చెప్పి సరిపెట్టకూడదు. తిరుపతి నగరంతో కలిపి సగటు తీస్తే అడవి అంచు పల్లె కష్టం అందులో కనబడదు.

7. అంబులెన్సు డ్రైవర్లు, టెక్నీషియన్లు పన్నెండు గంటల డ్యూటీ వద్దు, మూడు షిఫ్టులు పెట్టండని అడుగుతున్నారు. అది న్యాయం. నిద్ర లేని మనిషి తోలే బండిలో మన ప్రాణం భద్రం కాదు.

ఇవన్నీ వచ్చేదాకా చేతులు కట్టుకొని కూర్చోమని మేము చెప్పడం లేదు. ప్రతి గ్రామ కమిటీ ఈ నెలలోనే మూడు పనులు చేయాలి. మీ ఊరి ట్రాన్స్‌ఫార్మర్ల నంబర్లు, వాటి కింది రైతుల పేర్లు ఒక కాగితం మీద రాసి పాల కేంద్రం గోడకు అంటించండి. రాత్రిపూట పిలిస్తే వచ్చే టెంపో, ఆటో వాళ్ళ నంబర్లు దాని కిందే రాయండి. పొలంలో ఎక్కడ నిలబడితే మన రాష్ట్రం సిగ్నల్ వస్తుందో పగలే చూసి పెట్టుకోండి. పాము కరిస్తే గట్టిగా తాడు కట్టడం, కోయడం, నోటితో పీల్చడం చేయకండి. నడిపించకండి, కాలు కదలకుండా పడుకోబెట్టి తీసుకుపోండి.

మీ మండలంలో ఇలాంటి అనుభవాలుంటే తేదీ, ఫోన్ చేసిన సమయం, బండి వచ్చిన సమయం రాసి సంఘం కార్యాలయానికి పంపండి. కలెక్టరు ముందు పెట్టడానికి మాకు మాటలు కాదు, ఆ నిమిషాల లెక్కే కావాలి. మన కౌలు రైతు తన లెక్క ఇప్పటికే రాసిచ్చాడు. మొదటి కాగితం అతనిదే.